రంగు మీద వేసిన నెపం

మా దుకాణంలో నల్ల బట్ట నేను చూపించను. తెలుపు, గోధుమరంగు, లేత నీలం నా వైపు. నలుపు, బొగ్గురంగు, ముదురు నీలం తానులన్నీ గుమ్మం పక్క కౌంటర్లో ఉంటాయి. ఎందుకని అడిగినవాళ్ళకి ముదురు రంగుల్లో తేడా నా కళ్ళకి ఆనదని చెప్పేవాణ్ణి. అసలు సంగతి కళ్ళది కాదు. నల్ల తాను విప్పి పరిచి నేనొకసారి వంగి లేస్తే, దాని మీద గోడ సున్నం రాలినట్టు తెల్లటి పొట్టు రాలుతుంది. కొనడానికి వచ్చినవాడు ముందు బట్టని చూస్తాడు, తరవాత నన్ను చూస్తాడు. ఆ రెండో చూపు తప్పించుకోవడానికి ఇరవై రెండేళ్ళు నేను పడ్డ తంటాలు దుకాణం నిలబెట్టడానికి కూడా పడలేదు.

నాకున్నది సోరియాసిస్. ఎవరి ఒంటి మీదైనా చర్మం నెలకోసారి తనంతట తాను కొత్తదవుతుంది. నాకు మచ్చలున్న చోట ఆ పని నాలుగైదు రోజుల్లోనే అయిపోతుంది. నెల పట్టే నేతని నాలుగు రోజుల్లో మగ్గం మీంచి దించమంటే ఏం వస్తుంది? పోగులు కుదురుకోని పచ్చి నేత వస్తుంది, అది ఒకదాని మీద ఒకటి పేరుకుపోతుంది. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, నడుము దగ్గర, తలలో ఎర్రటి దద్దులు, వాటి మీద వెండి పొలుసులు. ఒంట్లో కాపలా ఉండాల్సిన బలగం దొంగని వదిలేసి ఇంటివాళ్ళ మీదే పడుతుందట, అందుకని.

ఇదంతా మిల్లులున్న ఊళ్ళో ఒక చర్మాల డాక్టరు పద్నాలుగేళ్ళ కిందట నాకు విడమరిచి చెప్పాడు. ఇది అంటుకోదన్నాడు. పూర్తిగా పోదు గానీ, సరిగ్గా చూసుకుంటే అదుపులో ఉంటుందన్నాడు. పిల్లలకి రావచ్చు, రాకపోవచ్చు, వస్తే కీళ్ళ మీద ఒక కన్నేసి ఉంచమన్నాడు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను ఇంటికి తీసుకెళ్ళలేదు.

ఎందుకో చెప్తాను. మా మేనత్తకి ఇదే జబ్బు. మా చిన్నప్పుడు దానికి మా ఇంట్లో పేరు లేదు. ఆవిడకి ఇంటి వెనక ఒక గది, వేరే కంచం, వేరే గ్లాసు ఉండేవి. ఆవిడ లేచి వెళ్ళిన కుర్చీని మా అమ్మ తడిగుడ్డతో తుడిచేది, అదీ ఆవిడ చూస్తుండగానే. నేనూ తక్కువ తినలేదు. ఆవిడ పిలిచి పెట్టిన బిస్కెట్టు తీసుకుని, గోడ మలుపు తిరగ్గానే పారేసేవాణ్ణి. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ కిటికీలో నిలబడి ఉంది. మర్నాడు మళ్ళీ పిలిచి మళ్ళీ ఇచ్చింది.

పెళ్ళికి కొన్ని నెలల ముందు నా మోచేతి మీద చొక్కా బొత్తామంత మచ్చ లేచింది. మా అమ్మ చూసి, తలుపు వేసి, మేనత్త ఊసు అత్తారింట్లో ఎత్తొద్దని చెప్పింది. పెళ్ళైన మూడో నెలలో నా భార్య ఆ మచ్చ మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగింది. ఆ పూటే అద్దకం నుంచి ముదురెరుపు తానులు దిగాయి. నా చేతులకింకా ఆ వాసన పోలేదు. రంగు పడలేదని చెప్పాను. ఈ విడతలో రంగులాయన ఏదో కలిపాడని కూడా అన్నాను. అనకుండా ఉంటే సరిపోయేది. కానీ సరుకు అమ్మేటప్పుడు ఒక్క మాటతో ఊరుకోవడం నాకు చేతకాదు.

ఆ రంగులాయన మా నాన్న స్నేహితుడు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. బట్టల వీధి చివర షెడ్డులో నాలుగు తొట్లు పెట్టుకుని మొత్తం వీధికి అద్దకం చేసేవాడు. నా భార్య నా మాటని వాళ్ళక్కకి చెప్పింది. మా వదిన చెవిన పడ్డ మాటకి బండీ అక్కర్లేదు, టిక్కెట్టూ అక్కర్లేదు. ఆ రంగుకి ఒళ్ళు పాడవుతోందని వీధంతా పాకింది. పదకొండు దుకాణాల్లో ఏడు ఆయనకి పని ఇవ్వడం మానేశాయి. ఎనిమిదోది నాది. అన్న మాట మీద నిలబడాలి కదా మరి. రెండేళ్ళు చూసి ఆయన తొట్లు తీసేశాడు. అదే షెడ్డులో బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు. ఆ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే నేను పక్క సందులోంచి తిరిగి వెళ్ళేవాణ్ణి.

అప్పట్లో నేనేసుకున్న లెక్క చిన్నది. నిజం చెప్తే వెనక గది, వేరే కంచం. అబద్ధం చెప్తే ఒక అబద్ధం. ఏది చవకో వ్యాపారస్తుడికి చెప్పక్కర్లేదు. ఆ అబద్ధాన్ని రోజూ మేపాలని మాత్రం ఆ లెక్కలో చూసుకోలేదు.

మాకు ఒక్కతే కూతురు. ఊపిరి తీసుకోకుండా కబుర్లు చెప్తుందని చిన్నప్పుడు పిట్ట అన్నాం, పంతొమ్మిదేళ్ళొచ్చినా అదే పేరు. చదువు ఒక కొలిక్కి రాగానే గుమ్మం పక్క నల్ల కౌంటరు తనే అడిగి తీసుకుంది. బట్టని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అడుగున అరచెయ్యి పెట్టి, కొనేవాడి కళ్ళలోకి చూస్తూ ఆపుతుంది. మాట్లాడదు. ఇంట్లో ఆగని నోరు అక్కడ ఎలా ఆగుతుందో మాకెవరికీ అర్థం కాలేదు. ముప్ఫై ఏళ్ళుగా మా దగ్గరున్న కత్తిరింపులాయన, ఈ పిల్ల ముందు మనమిద్దరం కూలీలమే అన్నాడు నాతో. ఈ దుకాణం తనదేనని నేను చెప్పలేదు, తనూ అడగలేదు, ఇద్దరికీ తెలుసు.

పోయిన ఏడాది వర్షాలప్పుడు తనకి గొంతునొప్పితో జ్వరం వచ్చి తగ్గింది. మూడు వారాలకి మోచేతుల మీద, పాపిట మొదట్లో మచ్చలు కనబడ్డాయి. అద్దం ముందు జుట్టు ముందుకి లాక్కుంటుంటే నేను వెనక నుంచి చూశాను. నా భార్య మాత్రం ఒక్క క్షణం తడుముకోలేదు. వాళ్ళ నాన్నకి పడనట్టే దీనికీ రంగులు పడటం లేదంది.

మా ఊరి ఆస్పత్రిలో చర్మాల డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. వయసులో చిన్నావిడ, తొందర పడని మనిషి. పిట్ట మోచేతుల్ని లైటు కింద పెట్టి చూసి, ఇది రెండింటిలో ఒకటి కావచ్చు, ఒంటికి పడనిదేదైనా తగిలిందో, సోరియాసిసో అంది. మచ్చలింకా చిన్నవి కాబట్టి చూడగానే తేల్చడం కష్టమంది.

"ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్ ఉందా?" అని అడిగింది.

నా భార్య అందుకుని, సోరియాసిస్ కాదండీ, వీళ్ళ నాన్నగారికి రంగులు పడవు అని మొదలుపెట్టింది. డాక్టరమ్మ నా వైపు తిరిగి, ఒకసారి చెయ్యి చూపిస్తారా అంది.

పిట్ట మచ్చలు చూసిన రోజు నుంచే నేను మిల్లుల ఊరి డాక్టరు ఇచ్చిన ఘాటు పూత ట్యూబు రోజుకి రెండుసార్లు పట్టించాను. ఇలాంటి ప్రశ్న వస్తుందని తెలియకపోతే నేను వ్యాపారం ఎందుకు చేస్తున్నట్టు? మచ్చ పడ్డ మడతని లోపలికి పెట్టి, శుభ్రంగా ఉన్న గజం పైకి తీసి చూపించేవాళ్ళు మా వీధిలో ఉన్నారు. మా నాన్న వాళ్ళని దొంగలనేవాడు. నేను చొక్కా చెయ్యి మోచేతికి నాలుగు వేళ్ళ కింద దాకా మడిచి, నున్నగా ఉన్న ముంజేతిని బల్ల మీద పెట్టాను.

"ఇప్పుడేం లేదండీ. ముదురు రంగులు ముట్టుకున్నప్పుడే వస్తుంది. మా ఇంట్లో ఆ జబ్బు ఎవరికీ లేదు," అన్నాను.

పిట్ట నా పక్కనే కూర్చుని ఉంది.

కీళ్ళ నొప్పులున్నాయా అని కూడా ఆవిడ అడిగింది. అప్పటికి లేవు. మా ఇద్దరి మాట నమ్మి, ముందు అద్దకం బట్టలకి దూరంగా ఉంచి చూద్దామంది. తేలికపాటి పూత రాసిచ్చింది. తగ్గకపోతే ఆరు వారాలకి మళ్ళీ రమ్మంది. ఆవిడ తప్పు ఇందులో ఇంత కూడా లేదు. దొంగ కాటా ఇచ్చి తూకం సరిగ్గా వెయ్యమంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

దాంతో పిట్ట దుకాణానికి రావడం ఆగిపోయింది. నా భార్య ఇంట్లో రంగు బట్టలన్నీ మూట కట్టేసి, దానికి తెల్లవి కుట్టించింది. కొత్త బట్ట ఏది వచ్చినా ఉప్పు నీళ్ళలో మూడుసార్లు జాడించి ఆరేసేది. నా చొక్కాలకి ఇరవై రెండేళ్ళుగా అదే పని చేస్తోంది. వేళ్ళ సందులు పగిలిపోయేవి ఆవిడకి. ఇప్పుడు రెండింతలైంది. నల్ల కౌంటర్లో కత్తిరింపులాయన కూర్చున్నాడు. అమ్మాయిగారు ఎప్పుడొస్తారని పాత ఖాతాదార్లు అడుగుతుంటే, వస్తుంది వస్తుంది అని నేను తలెత్తకుండా బట్ట మడత పెట్టేవాణ్ణి.

మచ్చలు తగ్గలేదు. మోకాళ్ళకి దిగాయి. స్నానాల గదిలో పిట్ట గంటసేపు ఉండేది. కబుర్లు తగ్గిపోయాయి. నేను లోపల మరో లెక్క వేస్తూనే ఉన్నాను. ఇంకో రెండు వారాలు చూద్దాం, తనంతట అదే తగ్గొచ్చు, కొందరికి తగ్గుతుంది కదా అని. పాడైన సరుకుని ధర పెరుగుతుందేమో అని గిడ్డంగిలో దాచుకునే వెర్రివాడి లెక్క అది.

ఆరో వారం, డాక్టరమ్మ చెప్పిన గడువు ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దున్న పిట్ట టీ కప్పుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతోంది. చలిగా లేదు. ఎడమ చేతి ఉంగరపు వేలు మొదటి నుంచి చివరి దాకా ఒకే లావున వాచి ఉంది. ఏమైందని వాళ్ళమ్మ అడిగితే సొరుగులో పడి నలిగిందంది. నేను కత్తెర ఇచ్చి దారం తెంపమన్నాను. కత్తెరలో వేళ్ళు పెట్టింది గానీ మూయలేకపోయింది. ఇది నాలుగో రోజనీ, పొద్దున్న లేవగానే చెయ్యి ముడుచుకోదనీ, పదకొండింటికి కాస్త కదులుతుందనీ అప్పుడు చెప్పింది. తెలిస్తే దుకాణానికి ఇంక ఎప్పటికీ పంపరని దాచానంది. ఆ దాచడం ఎక్కడ నేర్చుకుందో నేను అడగలేదు.

కీళ్ళ మీద కన్నేసి ఉంచమన్న మాట నా ఒక్కడికే తెలుసు. అలా వదిలేస్తే వేలు వంకర తిరిగిపోవచ్చని, మళ్ళీ మామూలవ్వదని కూడా ఆ మిల్లుల ఊరి డాక్టరు చెప్పాడు. బట్ట అమ్మేవాళ్ళకి చెయ్యే సగం దుకాణం.

అప్పుడు కూడా నేను బేరమే ఆడాను. అది చెప్పడానికే నాకు ఎక్కువ సిగ్గు. ఇంట్లో నోరు విప్పకుండా పిట్టని నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిపోతే వైద్యానికి వైద్యం జరుగుతుంది, నా గుట్టు నాకు ఉంటుంది అనుకున్నాను. మిల్లులో కొత్త సరుకు ఏరడానికి వెళ్తున్నాను, దీన్నీ తీసుకెళ్తా, అక్కడ మంచి డాక్టరున్నాడట అన్నాను. రెండు నెలలకోసారి సరుకు పేరు చెప్పి నేను అక్కడికి వెళ్ళేవాణ్ణి కాబట్టి నా భార్యకి అనుమానం రాలేదు. బట్టల మధ్యకి మాత్రం పంపొద్దు, బయటే కూర్చోబెట్టండి అని చెప్పింది.

రైలు దిగి ఆస్పత్రికి వెళ్ళాం. నేను మర్చిపోయింది ఒక్కటే. పద్నాలుగేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు, కిటికీ దగ్గర చీటీలు రాసే గుమస్తా పేరడిగితే, నా పేరు చెప్పడానికి నోరు రాక మా తోడల్లుడి పేరు చెప్పాను. ఆ క్షణానికి తట్టిన పేరు అది. అప్పట్నుంచి ఆ దస్త్రం ఆయన పేరు మీదే లావెక్కింది.

గుమస్తా నన్ను చూడగానే మా తోడల్లుడి పేరుకి గారు తగిలించి ఆప్యాయంగా పిలిచాడు. ఏంటండీ ఈసారి ఇంత ఆలస్యం, ట్యూబులు అయిపోయుంటాయే అన్నాడు. ఇటుకంత దస్త్రం తీసి బల్ల మీద పెట్టాడు. అట్ట మీద పెద్దక్షరాలతో పేరు, కింద జబ్బు పేరు. పిట్ట రెండూ చదివింది.

"అమ్మాయి మీ కూతురాండీ?" అని అడిగాడాయన.

"కాదండీ," అంది పిట్ట. "వీరు మా పెదనాన్నగారట. నాకూ ఇప్పుడే తెలిసింది."

గుమస్తా నవ్వాలో వద్దో తెలియక చీటీ రాయడంలో పడ్డాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి. ఆ జాగా వదిలింది నేనే, అలవాటు కొద్దీ.

లోపల డాక్టరు పిట్ట వేలిని నొక్కి చూశాడు. గోళ్ళ మీద సూదితో పొడిచినట్టున్న చిన్న చిన్న గుంటలు చూపించాడు. అవి నేనూ చూడలేదు. సోరియాసిసే, కీళ్ళలోకి కూడా దిగిందన్నాడు. ఇంతకుముందు ఎవరికి చూపించారని అడిగితే మా ఊరి డాక్టరమ్మ సంగతి, ఆరు వారాల తెల్లబట్టల సంగతి చెప్పింది పిట్ట.

"మరి ఇంట్లో ఎవరికైనా ఉందా అని ఆవిడ అడగలేదా?"

"అడిగారండీ," అని ఆగిపోయింది.

ఆ పిల్ల నన్ను చూడలేదు. గోడ మీద ఉన్న చర్మం బొమ్మ చూస్తూ కూర్చుంది. నా మీద చెప్పేసి ఉంటే నాకు సులువయ్యేది.

"అడిగింది డాక్టరుగారూ. నేను లేదన్నాను," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తిట్టలేదు. తిడితే బావుండేది. నన్ను కూడా చొక్కా విప్పమన్నాడు. ఆ ఘాటు ట్యూబుని వారాల తరబడి పట్టించి, పని అయిపోయిందని ఒక్కసారిగా మానేశాను కదా, మచ్చలు రెండింతలై తిరిగొచ్చాయి. వీపు మీద అరచెయ్యంత జాగా ఖాళీ లేదు. పిట్టని బయటికి వెళ్ళమంటారా అని అడిగాడు. అక్కర్లేదు, నేనూ చూడాలి కదా అంది పిట్ట.

తనకి ఆయన చెప్పిందంతా ఒక కాగితం మీద రాసుకుంది. కీళ్ళ డాక్టరుకి ఉత్తరం, చేతికి ఎక్స్‌రే, రక్తపరీక్షలు. అవి చూశాక బహుశా వారానికోసారి వేసుకునే మాత్ర, దాంతోపాటు మానకుండా పరీక్షలు. స్నానం కాగానే ఒంటికి తేమ ఆరకముందే పూత. గీరుకోవడం, రుద్దుకోవడం పూర్తిగా బంద్, చర్మానికి దెబ్బ తగిలిన చోట కొత్త మచ్చ లేస్తుంది. గొంతునొప్పి వస్తే వెంటనే చూపించుకోవాలి. ట్యూబులు డాక్టరు చెప్పినన్నాళ్ళే, చెప్పినంతే, మానేటప్పుడు మెల్లగా. దుకాణానికి వెళ్ళొచ్చా అని అడిగింది. నిక్షేపంగా వెళ్ళు, రంగుకీ దీనికీ సంబంధం లేదన్నాడు. వైద్యం నెల ముందే మొదలుపెట్టుంటే వేలి సంగతి నిశ్చింతగా చెప్పేవాణ్ణి, ఇప్పుడైనా ఆశ బానే ఉంది అన్నాడు. ఆ మాట నాకేసి చూస్తూనే అన్నాడు.

రైలు రావడానికి గంట ఉంది. స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. పిట్ట నాకేసి తిరక్కుండానే మొదలుపెట్టింది.

"నేను రాయి పెట్టి రుద్దుకున్నాను నాన్నా. రోజూ. మురికేమో అనుకుని."

డాక్టరు చెప్పింది రాసుకున్న కాగితాన్ని సంచిలో పెట్టుకుంటూ మళ్ళీ అంది.

"నీ దగ్గర్నుంచి వచ్చిందని నాకేం కోపం లేదు. ఈ ముక్కు కూడా నీదే, ఎప్పుడైనా ఏమైనా అన్నానా? ఆవిడ అడిగినప్పుడు నువ్వు నా పక్కన కూర్చున్నావు. అదొక్కటే నాకు మింగుడు పడటం లేదు."

మేనత్త సంగతి చెప్పాను. కంచం, గ్లాసు, బిస్కెట్టు, కిటికీ అన్నీ. జాలి పడుతుందని ఆశపడ్డాను, కాదనను. విని, ఆవిడ పేరేంటి అని అడిగింది. ఆవిడని ఇంట్లో అందరూ అక్కయ్య, అత్త అనే పిలిచేవాళ్ళు. పేరు గుర్తుచేసుకోవడానికి నాకు చాలా సేపు పట్టింది. పిట్ట తల తిప్పి నన్ను అప్పుడు చూసింది. నా లెక్కలన్నిటి కంటే ఆ చూపు ఖరీదెక్కువ.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. దొడ్లో నా భార్య నా కొత్త చొక్కాని రెండోసారి జాడిస్తోంది. నిలబడే చెప్పాను, మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని. ఆవిడ చెయ్యి నీళ్ళలోనే ఉంది. ఏడుస్తుందనుకున్నాను, మా అమ్మలాగా కుర్చీ తుడుస్తుందేమోనని కూడా అనుకున్నాను, ఇరవై రెండేళ్ళు కాపురం చేసి కూడా. చొక్కాని పిండకుండా నీళ్ళు ఓడుతున్నదాన్ని నా చేతికిచ్చింది.

"అయితే ఇవన్నీ ఊరికే ఉతికానన్నమాట," అంది. ఆ రాత్రికి నాతో అదే ఆఖరి మాట.

మర్నాడు పొద్దున్న టీ తెచ్చి పెట్టింది. నా ఎదురుగా కూర్చుని, పగిలిన వేళ్ళకి పిట్ట కోసం తెచ్చిన పూతే కాస్త రాసుకుంటూ, రంగులాయనకి ఎప్పుడు చెప్తారు అని అడిగింది. చూద్దామన్నాను. చూద్దామంటే నా నోట్లో కుదరదని అర్థం, అది దుకాణానికి వచ్చే ప్రతివాడికీ తెలుసు.

పిట్ట గదిలోంచే అంది, ఆ షెడ్డుకి వెళ్ళొచ్చాకే నేను కౌంటర్లో కూర్చుంటానని. గొంతు పెంచలేదు. ధర ఒక్కటే అని చెప్పేసినట్టు చెప్పింది.

ఇద్దరం పదిగంటలకి వెళ్ళాం. ఇస్త్రీపెట్టె పక్కకి నిలబెట్టి బాబాయ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. చేతుల మీద నరాలు తేలాయి, గోళ్ళ చుట్టూ నీలిమందు మరక బదులు బొగ్గు మసి ఉంది. పిట్ట నమస్కారం తాతయ్యా అంది. నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ తలకిందులయ్యాయి. నాకున్నది సోరియాసిస్ బాబాయ్, నీ రంగు వల్ల కాదు, అది తెలిసే నీ మీద చెప్పాను అన్నాను. ఇంతే. ఇరవై రెండేళ్ళ సరుకు, విప్పితే మూడు ముక్కలు.

ఆయన చొక్కా కాలరు తిప్పి, తడి చల్లి, ఇస్త్రీ చేస్తూ మాట్లాడాడు. ముప్ఫై ఏళ్ళు మోచేతుల దాకా ఆ తొట్లలో ముంచాను, నాకేం కాలేదు, నీకొక్కడికే అవుతుందా? నా రంగు సంగతి నాకు తెలీదా అన్నాడు. మీ మేనత్త కోసం పూత మందు తెచ్చిచ్చింది కూడా నేనేరా, మీ నాన్నకి తేవడానికి సిగ్గేసి నన్ను పంపేవాడు అన్నాడు. అంటే ఆయనకి మొదటి రోజు నుంచీ తెలుసు. నా మోచెయ్యి ఒక్కసారి చూస్తే చాలు ఆయనకి. ఒక్క మాట బయట పెట్టి ఉంటే తొట్లు నిలిచేవి, నా పెళ్ళాం ముందు నేను నిలిచేవాణ్ణి కాదు.

మరి ఎందుకు చెప్పలేదు బాబాయ్ అన్నాను.

"మీ అత్తని ఎట్లా చూశారో చూసినవాణ్ణి. నిన్ను అట్లా చూడనిస్తానా?" అని ఆగి, "నువ్వే వచ్చి చెప్తావనుకున్నా. ఒక ఏడాదికో రెండేళ్ళకో," అన్నాడు.

నష్టానికి ఏదో ఒకటి కట్టిస్తానని నోరు తెరిచాను. ఇస్త్రీపెట్టె ఎత్తిపట్టి ఆపాడు. డబ్బు మాటెత్తితే లోపలికి రావద్దన్నాడు. పిట్టని దగ్గరికి పిలిచి వేలు చూపించమన్నాడు, పట్టుకుని చూశాడు, నొప్పిగా ఉందా తల్లీ అన్నాడు. తరవాత నాతో, నాకు చెప్పి ఏం లాభం అబ్బాయ్, నాకు ముందే తెలుసు, తెలియనివాళ్ళకి చెప్పు అని బట్టల వీధి వైపు గడ్డం చూపించాడు.

అంటే నాది కాక పది దుకాణాలు. మా వదిన ఇల్లు అదనం.

మొదటిది కర్టెన్ బట్ట అమ్మే ఆయనది, మా నాన్న నాటి నుంచి ఎరుగున్నవాడు. నేను గుమ్మమెక్కగానే కుర్చీ లాగి, టీ చెప్పి, ఏంటి పొద్దున్నే, మిల్లువాళ్ళు ధర పెంచారా అన్నాడు. కాదన్నాను. బొత్తాం విప్పి చొక్కా చెయ్యి పైదాకా, ఈసారి భుజం దాకా తోశాను. ఎప్పటిదో, ఏమిటో, రంగులాయన మీద నేనేం చెప్పానో చెప్పాను. ఆయన నా చెయ్యి చూశాడు. నాకు తెలిసిన చూపే. తన కుర్చీని ఒక బెత్తెడు వెనక్కి జరిపాడు, జరిపినట్టు తనకే తెలీదు.

"మరి ఇది... అంటుకుంటుందా?" అన్నాడు.

పిట్ట కేసి చూశాను, తనైతే చక్కగా చెప్తుందని. తను మెట్టు మీద నిలబడి, వాచిన వేలిని కుడిచేత్తో పట్టుకుని, వీధిలోకి చూస్తోంది. నాకు సాయం రాదలుచుకోలేదు.

"అంటుకోదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయన నమ్మినట్టు లేడు. ఇంకోసారి చెప్పాను. తరవాత టీ వచ్చింది, ఆయన దాన్ని నా వైపు తొయ్యాలా వద్దా అని చూస్తున్నాడు. నేను తీసుకుని, వేడిగా ఉన్నా అక్కడే, ఆయన ఎదురుగానే తాగాను. తాగినంతసేపూ ఆయన నా చేతినే చూశాడు. చొక్కా చెయ్యి దించుకోకుండా కూర్చున్నాను. పక్క దుకాణం షట్టరు అప్పుడే తీస్తున్నారు.